ఏ గన్నేరు?

వెంకట్రాములు నేరం ఒప్పుకున్నాడని నా చేతిలోని ఇంగ్లీషు కాగితం చెబుతోంది. ఎదురుగా కూర్చున్న వెంకట్రాములు మాత్రం, తనేం ఒప్పుకున్నాడో తనకే తెలియదన్నట్టు చూస్తున్నాడు.

మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభై. అజ్మాన్ పోలీసులు నాకిచ్చింది పావుగంట. మధ్యాహ్నం రెండింటికి ఫైలు ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళుతుంది. వెళ్ళాక దాన్ని వెనక్కి లాగడం నా వల్లా కాదు, నాకు జీతమిచ్చే అడ్వకేటు వల్లా కాదు. ఆఫీసులో నా పేరు పక్కన 'లీగల్ అసిస్టెంట్' అని ఉంటుంది. లేబర్ కాంపుల్లో మాత్రం నన్ను డిటెక్టివ్ ఉమామహేశ్వరి అంటారు. ఆ పేరుకి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

జరిగింది ఇదీ. అజ్మాన్ శివార్లలో ఒక ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీకి నర్సరీ ఉంది. దాని సూపర్‌వైజరు రత్నబాబు, నరసాపురం మనిషి. శనివారం ఉదయం ఆరింటికి రోజూలాగే తన క్యాబిన్‌లో పూల టీ కాచుకుని తాగాడు. ఏడు కాకముందే వాంతులు. ఎనిమిదింటికి ఆస్పత్రి చేరేసరికి నాడి నలభైకి పడిపోయింది. అప్పటినుంచీ ఐసీయూలో స్పృహ లేదు. ఆ పూలు ఏరి, ఎండబెట్టి, డబ్బాలో పోసి ఇచ్చేవాడు వెంకట్రాములు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. రత్నబాబు పోతే ఇతని మీద పడేది హత్య కేసు.

ఏం పూలు ఇచ్చావని అడిగాను.

"గన్నేరు పూలు మేడం. అందరు గదే అడుగుతున్నరు, అందరికి గదే చెప్తున్న."

"ఏ గన్నేరు?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదని అతని మొహం చూస్తేనే తెలిసింది.

"ఏ గన్నేరేంది మేడం? నర్సరీల గేటుకాడ పెద్ద చెట్టు లేదా? లావు కొమ్మలు, తెల్ల పువ్వు, నడుమ పసుపు. పొద్దుగాల కింద రాలిన పూలు ఏరుత. చీనా మేడం దుకానుకు పంపేది గవ్వే. రత్నన్నకు ఇచ్చేది గవ్వే."

నాకు కోపం వచ్చింది, ముందు నామీద నాకే. మాది కడియం. నర్సరీల మధ్య పుట్టి పెరిగినదాన్ని. రెండు రోజులుగా ఈ కాగితం పట్టుకు తిరుగుతూ, అతను తెలుగులో ఏమన్నాడో అడగాలని తోచలేదు. అతను చెప్పిన చెట్టు దేవగన్నేరు. గన్నేరు అన్న పేరు ఉందన్న మాటే గాని దానికీ, కంచెలకి వేసే పచ్చగన్నేరుకీ ఆకు కలవదు, పువ్వు కలవదు. పచ్చగన్నేరు పప్పు ఎంత విషమో మా వైపు బడి పిల్లలకి కూడా తెలుసు. ఆ మాట ఇంట్లో ఎవరైనా నోరుజారి అంటే పెద్దవాళ్ళు కసురుతారు.

చీనా మేడం అంటే లిన్ గారు, అజ్మాన్‌లో మూలికల కొట్టు నడిపే ఆవిడ. నిన్న సాయంత్రమే కలిశాను. వాళ్ళ వైద్యంలో ఎండిన దేవగన్నేరు పూలని ఇంకో నాలుగు రకాల పూలతో కాచి, ఒంట్లో వేడి తగ్గడానికి తాగుతారట. వాళ్ళ భాషలో దాన్ని గుడ్డుపువ్వు అంటారనీ, చుట్టూ తెల్లసొన, మధ్యలో పచ్చసొన అనీ వేలితో చూపించి నవ్వింది. రెండేళ్ళ క్రితం మొక్కలు కొనడానికి నర్సరీకి వెళితే, రత్నబాబు ఎండలో నిలబడి తనకి వేడి చేసిందని హిందీలో మొర పెట్టుకున్నాడట. మనవాళ్ళ వేడీ, వాళ్ళ వేడీ ఒకటే కావడంతో ఆవిడకి వెంటనే అర్థమైంది. మందు నీ గేటు దగ్గరే పూస్తోందని చెప్పింది.

ఆవిడ పని తీరు నాకు నచ్చింది. వెంకట్రాములు వారం వారం పంపే పూలని తెల్ల పళ్ళెంలో పోసి ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది. ప్రతిసారీ ఒక గుప్పెడు పూలు తేదీ వేసిన కవర్లో దాస్తుంది. గురువారం కవరు నాకిచ్చింది. అందులో అయిదు రేకుల దేవగన్నేరు తప్ప మరో పువ్వు లేదు. రత్నబాబు డబ్బా కూడా అదే గురువారం, అదే తట్టలోంచి నింపింది. అంటే విషం ఆ తర్వాత, నర్సరీలోనే కలిసింది.

"ఈ సంతకం నీదేనా?" కాగితం అతని వైపు తిప్పాను.

"నాదే. శశాంక్ సార్ రాసిండు, చదివిండు, సంతకం చెయ్యమన్నడు. ఇంగ్లీషుల చదివిండు మేడం. నాకేం తెలుస్తది?"

రత్నబాబుతో నీకేమైనా తగవు ఉందా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. తగవు ఉంటే తనకి కాదన్నాడు. తర్వాత అతను చెప్పినది రాసుకుంటుంటే నా కలం రెండుసార్లు ఆగింది. ఆగస్టులో నూర్ మొహమ్మద్ అనే పనివాడు ఎండదెబ్బకి, తను తవ్వుతున్న గుంత పక్కనే పడి చనిపోయాడు. ఇక్కడ వేసవిలో పన్నెండున్నర నుంచి మూడింటిదాకా బయట పని చేయించకూడదు. అతను పడిపోయింది ఒంటిగంట నలభైకి. కంపెనీ రిపోర్టులో సేఫ్టీ ఆఫీసర్ శశాంక్ రాసింది మూడూ ఇరవై. రత్నబాబు మాత్రం తన హాజరు పుస్తకంలో అసలు టైమే రాసి ఉంచుకున్నాడు. ఆ పుస్తకం తీసుకుని సోమవారం లేబర్ ఆఫీసుకి వెళ్ళి చెప్పేస్తానని శుక్రవారం అందరి ముందూ అన్నాడట. శనివారం పొద్దున్న పడిపోయాడు.

"ఇది పోలీసులకి చెప్పావా?"

"వాళ్ళు పూల సంగతి అడిగిన్రు. పూల సంగతే చెప్పిన."

లేస్తుంటే అతను తన గురించి ఒక్క మాట అడగలేదు. "రత్నన్న బతుకుతడా మేడం?" అన్నాడు. బతుకుతాడని చెప్పాను. నాకు తెలియదు, అయినా చెప్పాను.

బయటికొచ్చి కారెక్కేముందు ఐసీయూ నర్సు కృపారాణికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమెదీ నరసాపురమే, రత్నబాబుని రత్నం అన్నయ్య అంటుంది. నిన్న చూడటానికి వెళుతూ నేను పట్టుకెళ్ళిన కొబ్బరినీళ్ళ సీసాని గుమ్మంలోనే ఆపేసింది. బయటి నుంచి ఏదీ లోపలికి రాదక్కా అంది. నాకు కొంచెం ఒళ్ళు మండింది గాని, అలాంటి మనిషి కాపలా ఉండటం మంచిదే అనుకున్నాను.

దారిలో ఆఫీసుకెళ్ళి, రత్నబాబు డబ్బా మీద లాబ్ ఇచ్చిన రిపోర్టు తీసుకుని నర్సరీ చేరేసరికి పదకొండూ యాభై. గేటు పక్కన దేవగన్నేరు నిండుగా పూసి ఉంది. ఏరే మనిషి లేక మూడు రోజుల పూలు నేల మీదే వాడిపోతున్నాయి. షెడ్డు కప్పు మీద వెంకట్రాములు ఎండబెట్టుకునే వల అలాగే ఉంది. నిచ్చెన వేయించుకుని ఎక్కి చూశాను. అన్నీ దేవగన్నేరు పూలే. షెడ్డు వెనక ఎర్రగన్నేరు పొదలు రెండు వరసలు. పడమటి కంచె పొడుగునా పచ్చగన్నేరు.

పచ్చగన్నేరు కింద నేల ఎలా ఉంటుందో కడియం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. రాలిన కాయలు నల్లబడి, ఎండి, కాళ్ళకి అడ్డం పడుతుంటాయి. కంచె కింద నడుచుకుంటూ వెళ్ళాను. ఇరవై పొదల కిందా కాయలే. మూడు పొదల కింద మాత్రం ఒక్క కాయ లేదు, నేల శుభ్రంగా ఉంది. ఆ మూడూ సేఫ్టీ ఆఫీసర్ క్యాబిన్ తలుపుకి ఎదురుగా ఉన్నాయి. ఫోటోలు తీసుకున్నాను. కాయలు లేకపోవడం సాక్ష్యం కాదని ఏ ప్రాసిక్యూటరైనా అంటాడు. నిజమే.

"ఉమగారూ, తోట చూడ్డానికి వచ్చారా, కేసు చూడ్డానికి వచ్చారా?"

శశాంక్ క్యాబిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. మూడేళ్ళ క్రితం మేమిద్దరం దుబాయ్‌లో ఒకే ఇన్సూరెన్స్ సర్వే ఆఫీసులో పనిచేశాం. రెండు వారాలు తిరిగి నేను రాసిన ఒక అగ్నిప్రమాదం రిపోర్టు, అతని సంతకంతో పైకి వెళ్ళింది. అడిగితే పొరపాటన్నాడు. అప్పుడూ ఇలాగే నవ్వాడు. ఆ పొరపాటు అతన్ని ఇక్కడి ఉద్యోగంలోకి తెచ్చింది, నన్ను వీధిలోకి తెచ్చింది. కనుక అతన్ని అనుమానించడం నాకు తేలిక. అందుకే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలనుకుంటూ లోపలికి వెళ్ళాను.

బల్ల మీద నీలం మూత స్టీలు ఫ్లాస్క్ ఉంది. అడక్కుండానే ఒక కప్పులో అల్లం టీ పోసి నా ముందు పెట్టాడు.

"మంగళవారం. పొద్దుగూకేదాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టను. మీరు తాగండి," అన్నాను.

"నేను ఇప్పుడే తాగి వచ్చాను," అన్నాడు.

తర్వాత తనే మొదలుపెట్టాడు. వెంకట్రాములు పాపం అమాయకుడనీ, చదువు లేక ఏ పువ్వు ఏదో తెలియక కలిపేశాడనీ, కంపెనీ తరఫున దయ చూపమని తనే అర్జీ పెడతాననీ చెప్పాడు. నేను ఇందులో వేలు పెట్టి ఆ దయని చెడగొట్టొద్దన్నాడు. రత్నబాబు సంగతి ఎత్తితే నిట్టూర్చాడు.

"ఇక లేవడండీ. డాక్టర్లు ఆశ వదులుకున్నారు."

వాంగ్మూలం బలవంతాన తీసుకున్నారని అంటున్నారే అన్నాను. అతను అందుకోసమే ఎదురుచూస్తున్నట్టు ఫోన్ తీశాడు. శనివారం పదకొండుంబావుకి, ముదీర్‌కి, అంటే మేనేజరుకి పంపడం కోసం, మొత్తం వీడియో తీశాడట. నా ముందు పెట్టి ఆడించాడు. తెర మీద వెంకట్రాములు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ బెదిరించడం లేదు.

"గన్నేరు పూలు నేనే ఏరిన సార్. నేనే ఎండవెట్టిన. రత్నన్న డబ్బల నేనే పోసిన. గంతే."

"ఇంకోసారి," అన్నాను. ఇంకోసారి ఆడించాడు. అందులో ఉన్నవి అవే మాటలు. దాన్ని నా ఫోన్‌కి పంపమంటే, గెలిచిన మనిషిలా ఉదారంగా పంపేశాడు.

నా సంచిలోంచి ఇంగ్లీషు కాగితం తీసి బల్ల మీద పరిచాను. రెండో వాక్యం మీద వేలు పెట్టాను. యెల్లో ఒలియాండర్ పూలు తనే తెంపినట్టు వెంకట్రాములు ఒప్పుకున్నాడని ఉంది అక్కడ.

"ఏరిన అన్నదాన్ని తెంపాడని రాశారు. పోనివ్వండి. ఈ యెల్లో ఎక్కడిది?"

"గన్నేరుకి ఇంగ్లీషు అదే కదా."

"కాదు. గన్నేరుకి ఉత్త ఒలియాండర్ చాలు. యెల్లో అంటే పచ్చగన్నేరు. అతను పచ్చ అనలేదు."

భుజాలెగరేశాడు. "కంచె నిండా అదే ఉంది. కంటికి కనిపించింది రాశాను."

"గేటు దగ్గర దేవగన్నేరుంది. షెడ్డు వెనక ఎర్రగన్నేరుంది. తెలుగులో గన్నేరంటే సరిపోతుంది శశాంక్ గారూ, మూడిట్లో ఏదైనా కావచ్చు. ఇంగ్లీషులో రాయాలంటేనే ఏదో ఒకటి తేల్చుకోవాలి. మీరు సరిగ్గా ఒకదాన్ని తేల్చుకున్నారు."

"సరైనదే తేల్చుకున్నాను. లాబ్ రిపోర్టు కూడా అదే అంటోంది, చూసుకోండి."

"చూశాను. లాబ్ రిపోర్టు నిన్న సాయంత్రం అయిదింటికి వచ్చింది. మీ కాగితం మీద టైము శనివారం పదకొండుంబావు. డబ్బాలో ఉన్నది పచ్చగన్నేరని అప్పటికి ఈ భూమ్మీద ఒక్కడికే తెలుసు."

నవ్వు మాత్రం పోలేదు, మొహమ్మీద అలాగే ఉండిపోయింది. నాకు భయం వేసింది. ఉన్నమాట ఒప్పుకోవాలి, ఇంత చెప్పకుండా కాగితం మడిచి బయటికి నడవాల్సింది. మూడేళ్ళ నాటి కోపం నా నోరు తెరిపించింది.

అతను వాచీ చూసుకున్నాడు. పన్నెండూ ఇరవై అయిదు.

"సైట్ రౌండ్ ఉంది. మీరు మీ అడ్వకేటుతో మాట్లాడుకోండి."

"అయిదు నిమిషాల్లో బయట పని బందు. ఏ సైటు?"

అతను లేచి, నేను ముట్టని కప్పు తీసుకెళ్ళి సింకులో ఒంపి, నీళ్ళు తిప్పి, కడిగి బోర్లించాడు. ఆఫీసు బాయ్ లేకపోతే నీళ్ళ గ్లాసు కూడా కదపని మనిషి. విసురుగా ఉన్నాడు కాబోలు అనుకున్నాను. ఫ్లాస్క్ చంకన పెట్టుకుని వెళ్ళి కారెక్కాడు. గేటు దాటేసరికి పన్నెండున్నర.

దేవగన్నేరు నీడన నిలబడి అడ్వకేటుకి ఫోన్ చేశాను. వీడియో, కాగితం, లాబ్ రిపోర్టు మీద టైము, మూడూ పంపాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, ఫైలు ఆపమని వెంటనే పోలీసులకి అర్జీ పెడతానన్నాడు. కానీ ఒక మాట అన్నాడు. అనువాదంలో తప్పు దొర్లిందని శశాంక్ ఒప్పుకుంటే? కంచె పొదల్లో పచ్చపువ్వు కనిపించి ఊహించానంటే? "ఇది అతని మీద అనుమానం పుట్టిస్తుంది అమ్మా, నేరం రుజువు చెయ్యదు. వెంకట్రాములు ఈ పూట బయటపడటానికి ఇది చాలదు."

నేను తిట్టుకుంటూ ఫోన్ పెట్టేశానో లేదో, మోగింది. కృపారాణి.

"అక్కా, పొద్దున్న మీరు చేస్తే ఎత్తలేకపోయాను. రత్నం అన్నయ్య కళ్ళు తెరిచాడు. పదకొండింటికి నోట్లో గొట్టం తీశారు. మాట పీలగా వస్తోంది గాని మనిషిని గుర్తుపడుతున్నాడు."

దేవుడికి దండం పెట్టుకున్నాను.

"ఇంకెవరికి తెలుసు?"

"కంపెనీ వాళ్ళకి పదకొండున్నరకే చెప్పేశారు. ఫారంలో దగ్గరివాళ్ళ నంబరు అని శశాంక్ సార్‌దే ఉంది కదా."

పదకొండున్నరకి. నేను అతని ఎదురుగా కూర్చున్నది పన్నెండు దాటాక. ఇక లేవడండీ అని నిట్టూర్చింది అప్పుడు.

"కృపా, అతను అక్కడికి వస్తాడు. లోపలికి..."

"వచ్చేశారక్కా. నేను మందుల గదిలోకి వెళ్ళొచ్చేసరికి మంచం పక్కన ఉన్నారు. అన్నయ్యకి గొంతు ఆరిపోతోందని టీ తెచ్చారట."

"దేంట్లో?"

"స్టీలు ఫ్లాస్క్. నీలం మూత."

సింకులో నీళ్ళు తిప్పిన చప్పుడు నా చెవిలో మళ్ళీ వినిపించింది. ఆ కప్పు నా ముందు పదిహేను నిమిషాలు ఉంది. మంగళవారం కాకపోయి ఉంటే మర్యాదకైనా తాగేదాన్ని.

"కృపా, జాగ్రత్తగా విను. అది తాగనివ్వకు. పారబొయ్యనివ్వకు కూడా. అది ఒలికిపోతే ఇక్కడ వెంకట్రాములు జైల్లోనే ఉండిపోతాడు."

ఆమె ఎందుకని అడగలేదు. ఫోన్ పెట్టెయ్యకుండానే జేబులో వేసుకున్నట్టుంది, గుడ్డ రాపిడి, తర్వాత చెప్పుల చప్పుడు. తర్వాత ఆమె గొంతు, రోజూ వందమందికి చెప్పే మామూలు గొంతు.

"సార్, ఒక్క నిమిషం. బయటి నుంచి తెచ్చింది పేషెంటుకి పట్టాలంటే, తెచ్చినవాళ్ళు ముందు నా ఎదురుగా ఒక గుక్క తాగాలి. ఇక్కడి రూలు."

అలాంటి రూలు ఏ ఆస్పత్రిలోనూ లేదు. గుండె మిషను టిక్కుటిక్కుమంటోంది. పది లెక్కపెట్టాను.

"నేను ఇప్పుడే తాగి వచ్చాను," అన్నాడు శశాంక్.

మూత బిగుస్తున్న చప్పుడు, స్టీలు మీద స్టీలు రాసుకుంటూ.

"అయితే ఫ్లాస్క్ ఈ బల్ల మీద పెట్టి వెళ్ళండి సార్. ఐసీయూలోకి వచ్చిన వస్తువు బయటికి పోదు. అదీ రూలే. సెక్యూరిటీని పిలిచాను, మీకు దారి చూపిస్తారు."

ఫ్లాస్క్ బల్లకి గట్టిగా తగిలిన చప్పుడు. అడుగులు వేగంగా దూరమయ్యాయి. ఆ తర్వాత వినిపించిన గొంతు శశాంక్‌ది కాదు, కృపారాణిది కాదు. మూడు రోజులు గొట్టం ఉన్న గొంతు, ఒక్కో అక్షరాన్నీ ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఒంటిగంట... నలభై. నూర్ మొహమ్మద్... పడిపోయింది. రాసుకో అమ్మా."

కలం తీసి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులోనే రాసుకున్నాను. పక్కన టైము వేశాను, పన్నెండూ యాభై ఎనిమిది. రెండింటికి ఇంకా గంట ఉంది.